నిమిషానికి తొంభై నాలుగు

"బావా, నీ చేతి బ్యాండు గుర్రుమంటోంది. లేచి నడవమంటోందేమో చూడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానిస్టేబుళ్ళిద్దరూ నవ్వు బయటికి రాకుండా మీసాలు సర్దుకున్నారు. నేను స్టూలు మీంచి లేచాను. ఆ బ్యాండు సంగతి అంతే. గంటసేపు కుదురుగా కూర్చుంటే చాలు, మణికట్టు మీద పురుగు పాకినట్టు గుర్రుమంటుంది. డాక్టరు నా పొట్ట మీద రెండు వేళ్ళతో తట్టి "ఇక నడవాలి" అన్న రోజునే మా ఆవిడ దాన్ని కొని తెచ్చి కట్టింది. ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. జీవితమంతా దొంగల వెనక కాపలా కాసినవాణ్ణి. ఇప్పుడు నా వెనకే కాపలా పెట్టారు.

ఈ ఇన్‌స్పెక్టరు పరాయివాడేం కాదు, మా ఆవిడ తమ్ముడు. మా పెళ్ళి ఫోటోల్లో సగం వాటిలో వీడు నా భుజమెక్కి ఉంటాడు. ఇప్పుడు నెత్తికెక్కాడు. నేను డిటెక్టివ్‌గా ఏ కేసు పట్టుకున్నా అది వీడి స్టేషన్‌కే తగులుకుంటుంది. వీడు మూసేసిన ఫైలు నేను తెరిస్తే, వీడు వారం పాటు మా ఇంటికి భోజనానికి రాడు.

"టైమెంత?" అన్నాను.

"తొమ్మిదీ ఇరవై. పదిన్నరకి జీపు కదలాలి. పదకొండింటికి కోర్టు. అక్క మొహం చూసి నీకిచ్చింది ఈ గంటే."

మొన్న పొద్దున ఈ లేతు వర్క్‌షాపు ఓనరు ఇదే షెడ్డులో చనిపోయాడు. వెనకనుంచి తల మీద ఇనప కడ్డీతో కొట్టారు. కొట్టినవాడు కడ్డీని గుడ్డతో తుడిచి ర్యాకులో పెట్టి మరీ పోయాడు. నిన్న సాయంత్రం నా బామ్మర్ది, ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడ లేతు మీద పనిచేస్తున్న మేస్త్రిని అరెస్టు చేశాడు. ఇప్పుడా మేస్త్రి చేతులకి బేడీలతో, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. వేళ్ళ సందుల్లో గ్రీజు మరక ఇంకా వదల్లేదు. ఆయన కూతురు గేటు బయట నాన్న బీపీ మాత్రలు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. ఆసుపత్రిలో నర్సు. నిన్న రాత్రి డ్యూటీ మానేసి మా ఇంటికొచ్చి, "మా నాన్న కోపిష్టి సార్. అరుస్తాడు. కానీ చెయ్యెత్తడు. రేపు కోర్టు నుంచి జైలుకి పంపితే ఆయన బతికి బయటికి రాడు," అంది. తండ్రిని దేవుడని చెప్పకుండా కోపిష్టి అని చెప్పిన ఆ పిల్ల మాట మీదే నేను కేసు ఒప్పుకున్నాను.

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసి లేతు బల్ల మీద పరిచాడు.

"చూడు. ఓనరు కూడా నీ బాపతే. పదహారు రోజుల కిందట నడక మొదలుపెట్టాడు. పార్కుకి రావడానికి సిగ్గు. పనివాళ్ళు రాకముందు ఈ షెడ్డులోనే మిషన్ల చుట్టూ తిరిగేవాడు. ఇది ఆయన బ్యాండులోని లెక్క, నిమిషం నిమిషానికీ మా సైబర్ వాళ్ళు తీసిచ్చారు. ఆరూ అయిదుకి నడక మొదలు. ఏడూ నాలుగుకి ఆగింది. అంటే ఏడూ నాలుగు దాకా ఆయన బతికే ఉన్నాడు. మేస్త్రి హాజరు మిషన్లో వేలు పెట్టింది ఏడూ ఒకటికి. అప్పుడు షెడ్డులో ఉన్నది ఇద్దరే. ముందురోజు సాయంత్రం ఇద్దరూ వీధి వినేలా కొట్లాడుకున్నారు. ఇంకేం కావాలి నీకు?"

"కొట్లాట దేనికి?"

"బెల్టుకి అడ్డం జాలీ బిగించమన్నాను సార్," అన్నాడు మేస్త్రి గోడ దగ్గరనుంచే. "బిగించకపోతే మిషన్ ముట్టుకోనన్నాను. అరిచాను. ఆయనా అరిచారు. ముప్ఫయ్యేళ్ళుగా అరుచుకుంటూనే ఉన్నాం."

"ఇంట్లోవాళ్ళ సంగతి?" అన్నాను నేను, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి.

"భార్య ఈ షెడ్డు వెనకే ఉన్న ఇంట్లో, మంచంలో ఉన్న అత్తగారికి స్నానం చేయిస్తోంది, పక్కన ఆయా ఉంది. తమ్ముడు పార్కులో నడుస్తున్నాడు." వాడు కావాలనే ఆగి నా మొహం చూశాడు. "ఎవరితో? నీతో. ఆరూ నలభై నుంచి ఏడుంబావు దాకా నా పక్కనే ఉన్నాడని నీ చేత్తో నువ్వే సంతకం పెట్టావు."

నిజమే. ఓనరు తమ్ముడు నాకు నడక గురువు. పార్కులో మొదటి రోజు నేను రెండో మలుపుకే బెంచీ మీద కూలబడి ఆయాసపడుతుంటే, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి "మెల్లిగా అన్నగారూ, ఎవరు తరుముతున్నారు?" అన్నాడు. నా ఫోన్లో బ్యాండు తాలూకు యాప్ సరిచేసి పెట్టిందీ, పార్కులో నడిచేవాళ్ళ గుంపులో నా పేరు చేర్చిందీ అతనే. ఆ గుంపులో ఎవరెన్ని అడుగులు వేసినా మిగతావాళ్ళ ఫోన్లలో కనిపిస్తాయి. మంచి మనిషి. మొన్న పొద్దున అతనికి అన్నయ్య చావు కబురు ఫోన్లో వచ్చినప్పుడు కూడా పక్కన ఉన్నది నేనే.

నేను కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. నాలుగు పేజీల నిండా అంకెలు. ఇన్‌స్పెక్టరు ఆఖరి పేజీలో ఆఖరి వరస కింద మాత్రం ఎర్ర సిరా పెట్టాడు. వాడి చదువంతా అంతే, చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో కూడా వెనక పేజీలో జవాబు చూసేవాడు.

నేను మొదటి పేజీనుంచి చదివాను.

డెబ్భై ఒకటి. ఎనభై ఎనిమిది. నలభై. సున్నా. అరవై మూడు. తొంభై రెండు. పన్నెండు. అది చూడగానే నాకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ నలభై దగ్గర ఆయాసం. ఆ సున్నా దగ్గర లేతుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ పన్నెండు దగ్గర బూటు లేసు ఊడింది. నా అడుగుల లెక్కా అచ్చం అలాగే ఉంటుంది. ఆరూ ఇరవై నాలుగు దాకా అలా నడిచింది. తర్వాత అయిదు నిమిషాలు సున్నాలు. ఆరూ ఇరవై తొమ్మిదినుంచి మళ్ళీ అంకెలు.

తొంభై నాలుగు. తొంభై నాలుగు. తొంభై నాలుగు.

పేజీ తిప్పాను. తొంభై నాలుగు. కిందిదాకా తొంభై నాలుగే. ఏడూ నాలుగు వరకూ, ముప్ఫై అయిదు నిమిషాల్లో ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నాకు నవ్వొచ్చింది. నవ్వాపుకుని, "గుండె లెక్క ఏది?" అన్నాను.

"ఆరూ ఇరవై నాలుగు దాకా ఉంది. తర్వాత గీతలు. బ్యాండు వదులుగా కట్టుకుంటే గుండె దొరకదట. కొత్తవాళ్ళకి మామూలేనని సైబర్ వాళ్ళే అన్నారు. నీకూ గీతలు వస్తాయని అక్క చెప్పింది."

వాడు చెప్పింది తప్పు కాదు. నాకూ వస్తాయి. అందుకే నేను గుండె జోలికి పోలేదు.

"బ్యాండు ఎక్కడ దొరికింది?"

"ఆ కోత మిషన్ కింద. పెనుగులాటలో ఊడిపోయి ఉంటుంది. ఆయన తమ్ముడే చూసి తీసిచ్చాడు." వాడు సీలు వేసిన ప్లాస్టిక్ కవరు చూపించాడు. లోపల నీలం బ్యాండు. కవరు అటూ ఇటూ కదిపి చూశాను. బ్యాండు జారలేదు. పట్టీ పైవైపు ప్లాస్టిక్‌కి అంటుకుపోయి ఉంది.

నేను మేస్త్రి దగ్గరికి నడిచాను.

"మేస్త్రి గారూ, ఏడూ ఒకటికి వేలు పెట్టారు. తర్వాత?"

"లోపలికొచ్చాను సార్. లైట్లు వేశాను. ఓనరుగారు పడి ఉన్నారు. కేకలేశాను."

"లైటు వెయ్యగానే కనిపించారా?"

"లేదు సార్. పెద్ద లేతు వెనకాల కదా. అటు వెళ్ళాక చూశాను."

"మధ్యలో ఏం చేశారు?"

"మధ్యలో ఏముంది సార్, ఏం లేదు."

"మధ్యలో మూడు నిమిషాలున్నాయి. మా ఇన్‌స్పెక్టరుగారు ఆ మూడు నిమిషాల్లో మీ చేత ఖూనీ చేయించేశారు. మీరు నిజంగా ఏం చేశారో గుర్తు తెచ్చుకుంటే ఆయనకి శ్రమ తగ్గుతుంది."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. బేడీల్లో ఉన్న చేతులు గాల్లో కదిలాయి. తలకి గుర్తులేనిది చేతులకి గుర్తుంటుందని నాకు తెలుసు.

"చెప్పులు విప్పాను. పని బూట్లు వేసుకున్నాను. సంచీ కొక్కేనికి తగిలించాను. మిషన్ ఆపాను. తర్వాత లేతు వైపు..."

"ఆగండి. ఏ మిషన్?"

"హాక్సా సార్." గడ్డంతో మూలకి చూపించాడు. ఇనప రాడ్లని కోసే మోటారు రంపం. మోకాలెత్తు దిమ్మ మీద బిగించి ఉంది. దానికొక పొడుగాటి ఇనప చెయ్యి, ఆ చేతికి బ్లేడు. స్విచ్చి వేస్తే ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతూ రాడ్డుని కోసుకుంటూ పోతుంది.

"అది నడుస్తోందా మీరు వచ్చేటప్పటికి?"

"నడుస్తోంది సార్."

"అదీ మాకు తెలుసు," అని ఇన్‌స్పెక్టరు అడ్డొచ్చాడు. "ఆరున్నరనుంచీ మిషన్ చప్పుడు వినిపించిందని భార్య చెప్పింది. ఆయన రాడ్డు కోతకి పెట్టి, అది కోస్తుంటే పక్కన నడుస్తున్నాడు. దీంట్లో కొత్తేముంది?"

"ఆయన పెట్టిన రాడ్డు మేస్త్రి ఎందుకు ఆపినట్టు?" అన్నాను వాడి వైపు చూడకుండా.

"ఎండుగా కోస్తోంది సార్," అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటుంటే ఆయన గొంతులో ఇంకా కోపం ఉంది. "కూలెంట్ లేదు. కోసేటప్పుడు బ్లేడు మీద తెల్లనీళ్ళు ధారగా పడాలి సార్, లేకపోతే బ్లేడు మాడిపోతుంది. షెడ్డంతా కమురు వాసన. చూస్తే ట్యాపు కట్టేసి ఉంది. స్విచ్చి ఆపేశాను."

"ఇది నిన్న వాంగ్మూలంలో ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు కదా సార్. మిషన్ ఎండుగా తిరుగుతుంటే ఆపడం కూడా చెప్పాలా? కళ్ళజోడు జారితే పైకి తోసుకుంటాం. అది ఎవరికైనా చెబుతామా?"

"ఓనరుగారు ఎప్పుడైనా ట్యాపు తిప్పడం మరిచిపోయేవారా?"

"ఆయనా?" మేస్త్రి ఆ నిమిషంలో బేడీలు కూడా మరిచిపోయాడు. "ముందు ట్యాపు, ధార పడ్డాక స్విచ్చి. పన్లో చేరిన మొదటిరోజు నన్ను తిట్టింది దానికే సార్. ఆయన ఎండుకోత పెట్టడం కల్లో కూడా జరగదు."

"రాడ్డు ఎవరి ఆర్డరు?"

"అదే నాకూ అర్థం కాలేదు. నాలుగంగుళాల రాడ్డు, గంట దాటి కోస్తుంది. ఇప్పుడు మా చేతిలో ఉన్న పనుల్లో అంత లావు ముక్క దేనికీ అక్కర్లేదు."

నేను హాక్సా దగ్గర గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు కటకటమన్నాయి. ఇరవై నాలుగు రోజుల కిందట ఇలా కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. రాడ్డు మూడోవంతు తెగి, బ్లేడు అందులోనే ఇరుక్కుని ఉంది. గాటు అంచులు నీలంగా కమిలిపోయాయి. ఇనప చెయ్యి మన వైపు అంతా జిడ్డూ దుమ్మూ. గోడ వైపు చెయ్యి పోనిచ్చి తడిమాను. వేళ్ళకి బంక తగిలింది. ఫోన్‌తో ఫోటో తీసి చూశాను. రెండు వేళ్ళ వెడల్పున దుమ్ము లేని శుభ్రమైన చోటు, దాని అంచుల్లో నల్లటి కరెంటు టేపు చిరిగిన పోగులు.

నేను లేచి చేతులు దులుపుకున్నాను.

"బామ్మర్దీ, పప్పులో కాలేశావు."

"పనిచేసే చోట ఇన్‌స్పెక్టరుగారూ అను."

"ఇన్‌స్పెక్టరుగారూ, తమరు పప్పులో కాలేశారు. ఈ తొంభై నాలుగులు చూశారా?"

"చూశాను. మొదట్లో తడబడ్డాడు, తర్వాత లయ దొరికింది. అందరికీ అలాగే అవుతుంది."

నేను నా ఫోను తీసి వాడి చేతిలో పెట్టాను. "ఇవి నా కిందటి రెండు వారాల అడుగులు. నిమిషం లెక్క తెరిచి చూడు. రెండు నిమిషాలు వరసగా ఒకే అంకె ఉంటే నా డిటెక్టివ్ బోర్డు పీకేస్తాను. తుమ్మితే అడుగు తప్పుతుంది. ముక్కు గోక్కుంటే తప్పుతుంది. ఈ షెడ్డులో నాలుగు మూలలున్నాయి, మలుపు తిరిగినప్పుడల్లా తప్పాలి. ముప్ఫై అయిదు నిమిషాలు ఒక్క అడుగు తేడా లేకుండా నడిచేది మనిషి కాదు."

"మరి?"

నేను హాక్సా వైపు చూశాను. వాడూ చూశాడు. వాడి మొహంలో ఏదో వెలిగి, వెంటనే దాన్ని వాడే ఆర్పేసుకున్నాడు.

"కథలు చెప్పకు బావా. కోర్టులో జడ్జిగారు అడుగుతారు. మిషన్ చేతికి కట్టిన బ్యాండు అడుగులు లెక్కపెడుతుందా అని. ఏం చెప్పను? మా బావ చెప్పాడనా?"

"కట్టి చూద్దాం."

"సీలు విప్పను. అది సాక్ష్యం."

"నీ సీలు నీ దగ్గరే ఉంచుకో." నేను నా చేతి బ్యాండు విప్పాను. మణికట్టు మీద తెల్లటి గీత పడి ఉంది. మేస్త్రి చెప్పిన చోట కరెంటు టేపు చుట్ట దొరికింది. బంక ఉన్న చోటే, గోడ వైపు, నా బ్యాండు పెట్టి రెండు చుట్లు చుట్టాను. కూలెంట్ ట్యాపు తిప్పబోయి ఆగాను. "చూశావా? ధార పడితే టేపు ఊడుతుంది. అందుకే ట్యాపు కట్టేశాడు. ఓనరు చస్తే చెయ్యని పని, ఓనరుని చంపినవాడికి తప్పలేదు."

తొమ్మిదీ నలభై రెండుకి మేస్త్రి చెప్పిన స్విచ్చి నొక్కాను. ఇనప చెయ్యి గరగరమని ఊగడం మొదలుపెట్టింది. పది నిమిషాలు. కానిస్టేబుళ్ళు దగ్గరికొచ్చి నిలబడ్డారు. కమురు వాసన మెల్లిగా షెడ్డు నిండింది. మేస్త్రి బ్లేడు వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు. "కొత్త బ్లేడు కొనిస్తాను మేస్త్రి గారూ," అన్నాను. ఆయన తలూపాడు కానీ ఓదార్పు దొరికినట్టు కనిపించలేదు.

తొమ్మిదీ యాభై రెండుకి ఆపాను. ఫోను నేను ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టరు చేతే తెరిపించాను. వాడు పెదవులు కదుపుతూ పైనుంచి కిందికి చదివాడు. పది వరసలు. పదింటిలోనూ ఒకటే అంకె. మొత్తం తొమ్మిది వందల నలభై.

"తొంభై నాలుగు," అన్నాడు వాడు.

"ఓనరు ఆరూ ఇరవై నాలుగుకే ఆగిపోయాడు. అయిదు నిమిషాల్లో చంపినవాడు రాడ్డు బిగించాడు, బ్యాండు చుట్టాడు, స్విచ్చి వేశాడు. ఆ తర్వాత నడిచింది మిషను. ఏడూ నాలుగుకి మేస్త్రి దాన్ని ఆపాడు, నీ కాగితంలో ఓనరు చచ్చిపోయాడు. మరి ఆరూ ఇరవై నాలుగుకి మేస్త్రి ఎక్కడున్నాడు? అది నువ్వే రాశావుగా ఫైల్లో."

వాడు పేజీ తిప్పి, నీళ్ళు నములుతూ చదివాడు. "ఆరూ పదికి బస్సెక్కాడు. ఆరూ యాభై రెండుకి దిగాడు. బస్సు కెమెరాలో ఉంది."

మా వాడిలో నాకు నచ్చేది ఇదొక్కటే, తప్పు తెలిశాక దాన్ని పట్టుకుని వేలాడడు. కానిస్టేబుల్ దగ్గర తాళం తీసుకుని తనే వెళ్ళి మేస్త్రి బేడీలు విప్పాడు. "కోర్టులో నేను చెప్పుకుంటాను. మీరు కూర్చోండి," అన్నాడు. మేస్త్రి కూర్చోలేదు. మణికట్లు రుద్దుకుంటూ నేరుగా హాక్సా దగ్గరికి వెళ్ళి, కూలెంట్ ట్యాపు తిప్పి, కాలిన బ్లేడు మీద తెల్లనీళ్ళు పడేలా చేసి, అప్పుడు ఏడ్చాడు. గేటు దగ్గరనుంచి కూతురు పరుగున వచ్చి ఆయన నోట్లో మాత్ర పెట్టింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పొగరంటే పొగరే అనుకోండి, ఆ పూట నాకు అది తగును.

"ఒక్కటి చెప్పు బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితాలు సర్దుతూ. "ఆ అంకె చూడగానే నీకు నవ్వొచ్చింది. నేను చూశాను. బ్యాండుని ఊగేదానికి కట్టొచ్చని నీకెలా తట్టింది? ఫోన్లో సరిగ్గా అలారం పెట్టుకోవడం కూడా రాదు నీకు."

ఇక దాచి లాభం లేదు.

"మీ అక్కతో చెప్పనంటే చెబుతాను."

"చెప్పను."

"మనవరాలికి బ్యాటరీ ఉయ్యాల కొన్నాం చూడు. దాని ఊచకి నా బ్యాండు తగిలించేవాణ్ణి. పాప పడుకున్నంతసేపూ నిమిషానికి అరవై రెండు. సాయంత్రానికి మీ అక్క చూసి ఆరువేల అడుగులని మురిసిపోయేది. మొదటి వారం అంతా అలాగే నడిచాను."

వాడు కాగితాలు కింద పడేసి మరీ నవ్వాడు. కానిస్టేబుళ్ళు ఈసారి మీసాలు సర్దుకునే ఓపిక కూడా లేకుండా నవ్వారు. "అయ్యో అక్కా! మూడు వీధుల్లో చెప్పుకుంది, మా ఆయన దారిలో పడ్డాడని!" కళ్ళు తుడుచుకుని, ఇంకా నవ్వుతూనే అడిగాడు. "ఈ ఘనకార్యం ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెబుతాను, సిగ్గుచేటు. ఒక్కడికే..."

నా మాట అక్కడే ఆగిపోయింది.

పార్కులో బెంచీ. రెండు వారాల కిందట. నేను ఉయ్యాల సంగతి చెబితే, నడక గురువు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఒక్క ప్రశ్న అడిగాడు. "ఊగేది ఏదైనా పనికొస్తుందా అన్నగారూ?" ఏదైనా పనికొస్తుందని నేను చెప్పాను. పైగా గొప్పగా చెప్పాను. మా అన్నయ్య కూడా బ్యాండు కొన్నాడు, షెడ్డులో దొంగచాటుగా నడుస్తున్నాడని అతను అన్నది ఆ రోజే. షెడ్డు స్థలం అమ్మేద్దామంటే అన్నయ్య ఒప్పుకోవడం లేదని విసుక్కున్నదీ ఆ రోజే.

"ఇక్కడినుంచి పార్కు ఎంత దూరం?" అన్నాను.

"నడిస్తే పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. వాడి నవ్వు ఆగిపోయింది.

ఆరూ ఇరవై తొమ్మిదికి స్విచ్చి. ఆరూ నలభైకి పార్కు గేటు. మొన్న గేటు దగ్గర అతను నాకు కనిపించేటప్పటికే చొక్కా తడిసిపోయి ఉంది. "రెండు రౌండ్లు అయిపోయాయి అన్నగారూ, మీరే ఆలస్యం," అన్నాడు. నేను నమ్మాను. నమ్మి, సంతకం పెట్టాను. ఊళ్ళో ఇంతమంది ఉండగా అతను సాక్షిగా ఒక డిటెక్టివ్‌ని ఏరుకున్నాడు. ఆ డిటెక్టివ్ దగ్గరే విద్య నేర్చుకున్నాడు. తర్వాత టేపు పీకేసి, బ్యాండు మిషన్ కింద దొరికిందని పోలీసులకి తీసిచ్చిందీ అతనే. చేసిన పాపం అతనిదే కావచ్చు, దారి చూపింది మాత్రం నా వాగుడు. బంగారంలాంటి ఒక ముసలాయన నిన్నటినుంచీ బేడీలు వేసుకుంది నా వాగుడు వల్ల. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"తమ్ముడు," అన్నాను.

ఇన్‌స్పెక్టరు వివరం అడగలేదు. నా మొహం చూస్తే చాలు వాడికి. వైర్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు. "అతనికి మనం కనుక్కున్నామని తెలియదు కదా. ఇంటి దగ్గరే పట్టుకుందాం."

సరిగ్గా అప్పుడే హాక్సా చేతికి చుట్టి ఉన్న నా బ్యాండు గుర్రుమంది. ఈసారి నడవమని కాదు. ఇన్‌స్పెక్టరు చేతిలోని నా ఫోను కూడా వెలిగింది. నడిచేవాళ్ళ గుంపులోంచి మెసేజీ. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గుంపులో నా ప్రతి అడుగూ అందరికీ కనిపిస్తుందని. అది ఆపే మీట ఎక్కడుందో నేను ఇన్ని రోజుల్లో నేర్చుకోనే లేదు. పది నిమిషాల తొంభై నాలుగులు అందరికంటే ముందు ఎవరు చూసి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు పైకి చదివాడు.

"అన్నగారూ, పది నిమిషాల్లో తొమ్మిది వందల నలభై! ఉయ్యాలకి కొత్త బ్యాటరీ వేశారా? చూసిపోదామని మీ ఇంటికే వచ్చాను. పాప నన్ను చూసి నవ్వుతోంది. వదినగారు టీ పెడుతున్నారు. మీరొక్కరే రండి, మాట్లాడుకుందాం."

ఆఖరి మాటకి వచ్చేటప్పటికి వాడి గొంతులో ఇన్‌స్పెక్టరు లేడు. "అక్క," అన్నాడు, నా పెళ్ళి ఫోటోలో పిల్లాడి గొంతుతో.

జీపు గేటు అవతల ఉంది. షెడ్డు గుమ్మంనుంచి అక్కడికి నూటయాభై అడుగులు ఉంటుందేమో, నాకు తెలియదు. బ్యాండు ఆ ఇనప చేతికే వదిలేశాను. ఇరవై నాలుగు రోజుల్లో మొదటిసారి, ఎవరి లెక్కా లేకుండా పరుగెత్తాను. జీపు దగ్గరికి నా బామ్మర్ది కంటే ముందు చేరింది నేనే.